చప్పిడి కూడు

"మళ్ళ తాగినవురా? చెప్పు, తాగినవా లేదా?"

బీరప్ప చేతికట్టె మూడోసారి తమ్ముడి వీపు మీద పడింది.

సంతోష్ వాకిట్లో బోర్లా పడి ఉన్నాడు. నోరు తెరుస్తున్నాడు గానీ మాట రావడం లేదు, చొంగ కారుతోంది. రెండు చేతులూ గచ్చు మీద టపటపా కొట్టుకుంటున్నాయి. మే నెల మిట్టమధ్యాహ్నం. కోదాడలోని ఆ ఇరుకు సందులో గచ్చు పెనంలా కాలుతోంది.

"కొట్టకు బావా! నీ కాల్మొక్త, కొట్టకు!"

కల్పన కుట్టు దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చింది. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. వచ్చీ రావడంతోనే మొగుడి మీద పడి కప్పేసింది. నాలుగో దెబ్బ ఆమె భుజం మీద పడింది.

"జరుగు! నిన్న తిరుమలగిరి నుంచి వచ్చినకాడికెల్లి సూస్తున్న. గోడ పట్టుకొని నడుస్తుండు. మాట ముద్దముద్దగొస్తుంది. పొద్దుగాల రెండు మాట్ల కక్కిండు. తాగకుంటె మనిషి గిట్లుంటడా?"

"నోటి కాడ ముక్కు పెట్టి సూడు! వాసనుందా?"

"ఫ్యాక్టరోళ్ళు వాసన రాని మందు తాగుతరంట," అంది గడపలో కూర్చున్న భద్రమ్మ. ఇద్దరు కొడుకులనూ కన్నతల్లి. పెద్దోడు గొర్లను చూసుకుంటూ ఊళ్ళోనే ఉంటాడు. చిన్నోడి ఆరోగ్యం చూడ్డానికని ఆమె కోదాడ వచ్చి పదిహేను రోజులైంది.

కల్పన అత్త వైపు చూసింది. జవాబు చెప్పడానికి టైము లేదు.

సంతోష్‌ది తాగుడు జబ్బు కాదు. కొన్ని నెలలు నిద్ర లేకుండా, ఊరంతా తనదే అన్నట్టు తిరుగుతాడు. ఆ తర్వాత కొన్ని నెలలు గోడ వైపు తిరిగి పడుకుంటాడు. పోయిన దసరా దాటాక, అట్లా పడుకున్న రోజుల్లోనే, ప్రాణం తీసుకోబోయాడు. కల్పన తలుపు పగలగొట్టి దక్కించుకుంది. అప్పటి నుంచి సూర్యాపేట పెద్ద దవాఖానలో రాసిచ్చిన గోలీలు పూటపూటకూ ఆమే ఇస్తుంది. మింగాక నోరు తెరిపిస్తుంది, నాలుక కింద చూస్తుంది, పెట్టెకు తాళం వేసి తాళంచెవి పుస్తెలతాడుకు కట్టుకుంటుంది. మనిషి నిలబడ్డాడు. ఆరు నెలలుగా మేళ్లచెరువులో సిమెంటు బస్తాలు ఎత్తే పనికి పోతున్నాడు.

ఇప్పుడు అదే మనిషి కుక్కలా వాకిట్లో దొర్లుతున్నాడు.

"అవ్వా, తాడు తే," అన్నాడు బీరప్ప.

భద్రమ్మ తెచ్చింది. బీరప్ప కల్పనను పక్కకు లాగి, తమ్ముడి చేతులు వెనక్కి విరిచి కిటికీ ఊచకు కట్టాడు. పొగరుబోతు పొట్టేలును కట్టినట్టే బిగించాడు. సంతోష్ తల ఒక పక్కకు వాలిపోయింది.

"గోలీలే నా కొడుకును గిట్ల చేసినయ్," అంది భద్రమ్మ. "గవి పారేస్తె గాని ఇల్లు బాగుపడదు."

అంటూనే కోడలి మెడ మీద చెయ్యేసి తాళంచెవి పట్టి గుంజింది. తాడు తెగలేదు. మెడ చర్మం తెగింది. రెండోసారి గుంజితే తాళంచెవి ఊడొచ్చింది. కల్పన వెనకాల పోబోతే బీరప్ప జుట్టు పట్టి ఆపాడు. భద్రమ్మ పెట్టె తెరిచి, గోలీల అట్టలన్నీ కొంగులో పోసుకొచ్చి మురుగు కాలువలో కుమ్మరించింది.

చేతికట్టె నేల మీద ఉంది. కల్పన వంగింది. బీరప్ప చేతిలో ఆమె వెంట్రుకలు గుప్పెడు ఊడిపోయాయి. లేచిన కట్టె అతని కనుబొమ్మ మీద దిగింది.

పెళ్ళై పదేళ్ళలో బావ ముందు తల ఎత్తి మాట్లాడని మనిషి ఆమె. బీరప్ప దెబ్బ కంటే ముందు దానికే బిత్తరపోయాడు. తర్వాత నెత్తురు కంట్లోకి కారింది.

"దగ్గరికొస్తె మళ్ళ కొడ్త," అంది కల్పన. గొంతు వణకలేదు. "ఇద్దరినీ కొడ్త."

వాకిలి బయట జనం. వాళ్ళలో పక్కింటి సైదయ్య ఒక్కడు లోపలికొచ్చాడు. కిరాయి కారు నడుపుతాడు. "ఏందండీ ఈ దొమ్మీ? మనిషి కళ్ళు తేలేస్తన్నాడు, చూడరేంది?" అన్నాడు.

కల్పన ఎడమ చేత్తో కట్టె వదలకుండానే కుడి చేత్తో ఫోన్ చేసింది. సూర్యాపేట దవాఖానలో మనసు జబ్బుల వార్డు నర్సు కరుణకు. ఆరు నెలలుగా ఈ ఇంటికి దేవుడి తర్వాత తెలిసిన నంబరు అదొక్కటే.

"కరుణక్కా, ఆయన..."

"ఏడవకు. అడిగినదానికి చెప్పు. కక్కిండా?"

"రెండు మాట్ల. విరేచనాలు గూడ."

"చేతులు సన్నగా వణుకుతున్నయా, పెద్దగా కొట్టుకుంటున్నయా?"

"పెద్దగా. నడవనస్తలేదు. మాట తెలుస్తలేదు. తాగిండని కొడ్తుండ్రు."

"పొద్దున గోలీ ఇచ్చినవా?"

పొద్దున సంతోష్ వద్దని తల ఊపాడు. పెదాలు బిగబట్టాడు. గోలీ ఎగ్గొడితే మళ్ళీ దసరా నాటి గతే అవుతుందన్న భయంతో కల్పన అతని ముక్కు మూసింది. ఊపిరాడక నోరు తెరిచినప్పుడు గోలీ లోపలికి తోసి, నీళ్ళు పోసి, దవడ పట్టి మూసింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వదల్లేదు.

"ఇచ్చిన అక్కా. బలిమితోటి ఇచ్చిన."

"సరే. అది తర్వాత మాట్లాడుకుందాం. ఇగ ఒక్కటి గూడ ఇయ్యకు. మంచిగ తెలివిలో ఉంటె నీళ్ళు తాపు, లేకుంటె చుక్క గూడ పోయకు. పక్కకు తిప్పి పండబెట్టు. ఇంట్ల ఉన్న గోలీలన్నీ పట్టుకొని బయలెల్లు. ఇప్పుడే. మందు ఒంట్ల ఎక్కువైనట్టుంది, కల్పనా. ఇది తాగుడు కాదు."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆ చివరి మాట అందరూ విన్నారు.

బీరప్ప కిటికీ దగ్గరికి పోయి తాడు విప్పాడు. ముడి బిగుసుకుపోయి రాకపోతే పళ్ళతో కొరికాడు. భద్రమ్మ మురుగులోకి వంగి అట్టలు ఏరుతోంది. ఎవరూ ఎవరితో మాట్లాడలేదు.

సైదయ్య కారులో, వెనక సీట్లో సంతోష్ తల కల్పన ఒళ్ళో, కాళ్ళు బీరప్ప ఒళ్ళో. ముందు సీట్లో భద్రమ్మ. బీరప్ప తలకు చుట్టిన తువ్వాలలోంచి నెత్తురు ఊరుతోంది. సంతోష్ మణికట్ల మీద తాడు అచ్చులు ఎర్రగా లేచాయి. బీరప్ప వాటినే చూస్తూ కూర్చున్నాడు.

మునగాల దాటుతుండగా సంతోష్ ఒళ్ళు కట్టెలా బిగుసుకుంది. వెంటనే కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. మోకాలు ఎగిరి బీరప్ప గడ్డానికి తగిలింది.

"ఫిట్స్! ఇనుము, ఇనుము పెట్టాలె చేతుల! సైదయ్యా, తాళాలియ్యి! నోట్ల గూడ ఏదన్న పెట్టాలె, నాలిక కొరుక్కుంటడు!"

"నోట్ల ఏం పెట్టొద్దు!" కల్పన బీరప్ప వేళ్ళు పట్టి వెనక్కి విరిచింది. దసరా తర్వాత దవాఖానలో కరుణ ఇవన్నీ ఆమెతో రెండుసార్లు అప్పజెప్పించుకుంది. "పక్కకు తిప్పు. పట్టి అదమకు. తల తగలకుండ సూడు, గంతే."

"సస్తడే!"

"నువ్వు నోట్ల వేళ్ళు పెడితె సస్తడు!"

ఇద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు అరుచుకుంటూ అతన్ని పక్కకు తిప్పారు. నోట్లోంచి నెత్తురు కలిసిన నురగ కల్పన చీర మీద పడింది. సైదయ్య హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ముందు సీట్లో భద్రమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

దవాఖాన వాకిట్లో కరుణ స్ట్రెచర్ దగ్గర నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, పొట్టి, గట్టి. పలకరింపులు లేవు. "ఫిట్స్ ఎన్ని నిమిషాలు?" అని అడుగుతూనే నడిచింది. నెత్తురు తీశారు, సెలైన్ ఎక్కించారు. సంతోష్ సగం తెలివిలో చెయ్యి విదిలించి సూది పీకేసుకున్నాడు. మళ్ళీ పెట్టబోతే కరుణ పొట్టలో తన్నాడు. ఆమె ఒక అడుగు వెనక్కి పడి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ దగ్గరికొచ్చింది. మెత్తటి గుడ్డ చుట్టి, మధ్యలో వేలు దూరేంత సందు వదిలి, చెయ్యి మంచానికి కట్టింది.

"సంతోష్, నేను కరుణను. నిన్ను కొట్టరు ఇక్కడ. నీకు సూది పెడుతున్న. నొప్పి ఉంటది, ఒక్కసారే," అంది. అతనికి వినబడుతుందో లేదో తెలియకపోయినా ప్రతి పనికీ ముందు చెబుతూనే ఉంది.

బీరప్ప ఆ కట్టును, దాని కింద తను కట్టిన తాడు అచ్చును చూసి బయటికి పోయాడు.

గంట తర్వాత డాక్టరు వరండాలోకి వచ్చాడు. "రక్తంలో ఆ గోలీల మందు ఉండాల్సినదానికి రెండింతలు దాటింది. సెలైన్‌తో తగ్గకపోతే డయాలసిస్ చేయాలి. రేపటిదాకా ఏం చెప్పలేం," అన్నాడు.

బీరప్పకు వినబడింది ఒక్కటే. రెండింతలు.

అతను రెండంగల్లో కల్పన దగ్గరికి చేరాడు. గొంతు పట్టి గోడకు అదిమాడు. ఆమె పాదాలు నేల మీద నుంచి లేచాయి.

"తాళంచెవి నీ మెడల! ఇచ్చేది నువ్వు! రెండింతలు ఎట్లయితది? విషం పెట్టినవా నా తమ్మునికి? వాని పీడ ఒదిలించుకోవాల్నని సూసినవా?"

కల్పన మొహం నల్లబడుతోంది. తను చంపలేదని ఆమెకు తెలుసా? పొద్దున ముక్కు మూసిన చెయ్యి తనదే. ఆ ఆలోచన వచ్చాక పెనుగులాడటం కూడా మానేసింది.

కరుణ వాళ్ళ మధ్యకు దూరింది. బీరప్ప మోచెయ్యి ఆమె నోటికి తగిలి పెదవి చిట్లింది. ఆమె కళ్ళద్దాలు పడి పగిలాయి. ఆమె అతని బొటనవేలు పట్టి బయటికి తిప్పింది. పట్టు సడలింది. కల్పన గోడ వెంబడి జారి కూలబడింది.

"ఒక్కడుగు ముందుకేసినవంటె పోలీసులను పిలుస్త," అంది కరుణ, పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూ. "వెయ్యకపోతె నీ తమ్మునికి ఏమైందో చెప్త. ఏది కావాల్నో నువ్వే చెప్పన్నా."

బీరప్ప వెయ్యలేదు.

కరుణ మురుగు నీళ్ళతో తడిసిన అట్టలను బల్ల మీద పరిచి చూసింది. "గోలీల లెక్క సరిపోయింది. ఎక్కువ ఇయ్యలే. మరి వేరే ఏమన్న మింగిండా? ఒంటి నొప్పులకు, నడుం నొప్పికి?"

కల్పన తల అడ్డంగా ఊపింది. "నాకు తెల్వకుంట ఏం మింగడు."

"నేనిచ్చిన," అంది భద్రమ్మ.

అందరూ తిరిగి చూశారు. ముసలామె బెంచీ చివర ముడుచుకుని కూర్చుంది. రొండిన ఉన్న సంచీ విప్పి ఒక అట్ట తీసింది. సగం ఖాళీ.

"బస్తాలెత్తి నడుము పీకుతుందన్నడు. మా ఊళ్ళె నా మోకాళ్ళకిచ్చిన గోలీలు. రోజుకు రెండిచ్చిన. కోడలికి చెప్తె లొల్లి చేస్తదని చెప్పలే."

"ఎన్ని రోజుల్నించి అవ్వా?"

"పది దినాల సంది." కొంచెం ఆగి, "ఇంకోటి గూడ చేసిన బిడ్డా," అంది.

"చెప్పు."

"గా గోలీ ఏం గోలీరా అని వాన్నడిగిన. ఒక తీరు ఉప్పు అవ్వా అన్నడు. ఒంట్ల ఉప్పెక్కువైతె రోగం ముదురుతదేమో, కూట్లె ఉప్పు తీసేస్తె గోలీల పనే ఉండదేమో అనుకున్న. వానికొక్కనికి చప్పిడి కూడే పెట్టిన. జొన్న గట్క, గంజి, కూర, అన్నీ చప్పిడివే. ఫ్యాక్టరీకి డబ్బా గూడ నేనే కట్టిన. వాడు వద్దనలే. మా అవ్వ పెట్టింది అని తిన్నడు."

కరుణ ఆమె పక్కన కూర్చుంది. కోపం తెచ్చుకోలేదు. "ఆ మందు ఒంట్ల ఉప్పుతోటే కలిసి తిరుగుతదవ్వా. ఉప్పు తగ్గితె ఒళ్ళు మందును బయటికి పోనియ్యదు, పట్టి పెట్టుకుంటది. ఈ ఎండల చెమటకు నీళ్ళు గూడ పోయినయ్. మీదికెల్లి నొప్పి గోలీలు. పోవాల్సిన మందు పోక లోపల్నే పేరుకుంది. ఇప్పుడు సీసాలోంచి ఎక్కేది ఉప్పు నీళ్ళే."

"అంటె నేనే సంపుకున్ననా?"

"నీకు తెల్వదు. మేమన్న విడమర్చి చెప్పాల్సుండె. వంట నువ్వు చేస్తున్నవని నాకూ తెల్వదు."

బీరప్ప పక్కనున్న ఇనుప స్టూలును కాలితో తన్నాడు. అది వరండా చివరిదాకా దొర్లి గోడకు కొట్టుకుంది. తల్లిని ఏమీ అనలేక, కల్పన దగ్గరికి వెళ్ళి క్షమించమనలేక, ఆ చివరిదాకా పోయి నిలబడ్డాడు.

సాయంత్రానికి ఫిట్స్ ఆగాయి. మందు కాస్త తగ్గుముఖం పట్టిందన్నారు, కాస్తే. కల్పన గొంతు మీద వేళ్ళ అచ్చులు నీలంగా తేలాయి. ఆమె వార్డు తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. భద్రమ్మ నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చుని, చేతుల కడియాలు తీసి కోడలి ఒళ్ళో పెట్టింది.

"ఇవి నీకు. ఇగ వాన్ని నువ్వే సూస్కో. నేను తిరుమలగిరి బస్సెక్కుత."

"ఇప్పుడా?" అంది కల్పన. విసుగుతోనే అంది. "కొడుకు గట్లుంటె నువ్వు బస్సెక్కుతవా?"

"నేనుండి ఏం చెయ్యాలె." గొంతులో ఏడుపు లేదు. అసలేమీ లేదు. లేచి కొంగు సవరించుకుంది.

సెలైన్ మార్చి బయటికొస్తున్న కరుణ ఆ కడియాలను చూసింది. ముసలామె మొహం చూసింది. చేతిలోని సీసా పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. తను ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది.

"అవ్వా, ఒక మాట అడుగుత. దాచకుండ చెప్పు. సచ్చిపోవాల్ననిపిస్తుందా నీకు?"

"ఏయ్!" బీరప్ప దూకుతూ వచ్చాడు. "ముసల్దాన్ని పట్టుకొని గదేం మాట? లేనిది నువ్వే నేర్పుతున్నవా?"

"అడిగితె కొత్తగ పుట్టదన్నా. ఉన్నదే బయటికొస్తది. నువ్వు జర ఆగు." కరుణ అతని వైపు తిరగను కూడా లేదు. "చెప్పవ్వా."

భద్రమ్మ తన బోసి ముంజేతులను చూసుకుంది.

"ఇయ్యాల కాదు బిడ్డా. వీండ్ల నాయిన పోయినకాడికెల్లి ఉంది."

"ఎట్ల పోయిండవ్వా ఆయన?" అంది కరుణ.

"పాము కరిచి," అన్నాడు బీరప్ప. "నాకప్పుడు పదమూడేండ్లు. గొర్ల తోటి మిర్యాలగూడ దిక్కు పోయిన, త్రిపురారం కాల్వల మీదికి. కబురు తెలిసి వచ్చే వరకు మట్టి చేసిండ్రు."

"పాము కాదు," అంది భద్రమ్మ.

"అవ్వా!"

"మూడు నెలలు గోడ దిక్కు మొఖం పెట్టుకొని పన్నడు. తిండి లేదు, మాట లేదు. పని దొంగవని నేనే తిట్టిన. ఒకనాడు చీపురు తోటి గూడ కొట్టిన. తెల్లారి గొర్ల కొట్టంలకు పోయి తలుపేసుకున్నడు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. "ఊరు నవ్వుతదని, పోలీసులొస్తరని, పామని చెప్పిన. అందరికీ అదే చెప్పిన."

బీరప్ప పెదాలు కదిలాయి. "ఎన్ని పాములను సంపిన్నే నేను," అన్నాడు. "ఇరువై ఏడేండ్ల సంది. కంటికి కనవడ్డ ప్రతి పామును. కరవని దాన్ని గూడ. పుట్టలు తవ్వి సంపిన. నా నాయిన, నా నాయిన అనుకుంట సంపిన."

పిడికిలితో గోడను గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. వేళ్ళ చర్మం లేచి సున్నం మీద నెత్తురు అంటింది. కల్పన చూస్తూ కూర్చుంది. ఆపలేదు. ఇంతకు ముందు తన గొంతు మీద బిగిసిన చెయ్యే అది.

అతను గుద్దడం ఆపి గబుక్కున తిరిగాడు.

"తమ్మునికి తెల్వదు గద? వానికి ఏడేండ్లే అప్పుడు. నీ తోటే ఉండె. వానికి చెప్పలే గద అవ్వా?"

భద్రమ్మ తలెత్తి పెద్ద కొడుకును చూసింది. తర్వాత కోడలిని.

"కొట్టం తలుపు తీసింది వాడేరా," అంది. "అరుసుకుంట ఉరికొచ్చిండు. నేను చెంప మీద కొట్టి, పామని చెప్పాలె అన్న. ఒట్టేయించుకున్న. అప్పటికెల్లి ఒక్కనాడన్న ఆ ముచ్చట ఎత్తలే వాడు."

కల్పన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పదేళ్ళలో ఎంతమంది డాక్టర్లు అడిగారు, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇట్లా ఉందా అని. ప్రతిసారీ అతను ఆమె పక్కనే కూర్చుని లేదని తల ఊపాడు.

వార్డు తలుపు తెరుచుకుంది. డ్యూటీ నర్సు తల బయటికి పెట్టింది.

"సంతోష్ వాళ్ళెవరు? కళ్ళు తెరిచిండు. మాట సరిగ్గ తెలుస్తలేదు గాని, అవ్వా అవ్వా అని పిలుస్తుండు."

కరుణ ముసలామె చెయ్యి వదలకుండానే లేచి నిలబడింది.

భద్రమ్మ లేవలేదు.